పాస్కో వాళ్ళ తుపాకి

మా వాలరూ ఊళ్ళో క్లారీ ట్రెంబత్ ఇంట్లో కుర్చీల కంటే తుపాకులే ఎక్కువ. అన్నీ సైన్యం వాడి వదిలేసినవి. తూటా తూటాకీ బోల్టు అనే ఇనప కడ్డీని వెనక్కి లాగి ముందుకు తోయాల్సిన పాతకాలపువి. గోధుమ గోదాముల్లో ఉద్యోగం అయిపోయి, భార్య కూడా పోయాక ఆయన లోకం అదే.

ఆ చలికాలం పాస్కో ముసలావిడ చనిపోతే, కొడుకు గ్రాహం పొలం అమ్మి సామాను వేలం వేశాడు. అందులో క్లారీకి 1916 నాటి తుపాకి దొరికింది. చెక్క మీద గీత కూడా పడలేదు. బోల్టు మాత్రం లేదు. తుపాకి మీదా బోల్టు మీదా ఒకే నంబరు ఉంటేనే దానికి విలువ.

"బోల్టు లేకపోతే అది చీపురుకర్రేరా. ఏదో ఒకటి తగిలించి గోడకెక్కించు" అన్నాడు ఒక పాత స్నేహితుడు.

"ఏదో ఒకటి తగిలించడానికి అదేమైనా నీ కట్టుడు పళ్ళా?" అన్నాడు క్లారీ.

మర్నాడు బేకరీకి వెళ్ళాడు. అక్కడ పనిచేసే గ్లెనిస్ పాస్కో వాళ్ళ ఆడపిల్లే, గ్రాహం చెల్లెలు. బోల్టు మాట ఎత్తగానే ఆమె మొహం పాలిపోయింది. సాయంత్రం చేతిసంచితో ఆయన ఇంటికి వచ్చింది. సంచిలోంచి తువ్వాలు, తువ్వాల్లోంచి బోల్టు తీసి బల్ల మీద పెట్టింది. నంబరు అదే.

"తుపాకిని అన్నయ్య అమ్మేసినట్టు నాకు తెలీదు. ఇది అమ్మ పిండి డబ్బాలో దొరికింది" అంది. "నాన్న పోయిన రోజు అమ్మ దీన్ని తుపాకిలోంచి లాగడం తలుపు సందులోంచి చూశాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు."

క్లారీకి గుర్తుంది. కరువు ఏడాది. తుడుస్తుంటే తుపాకి పేలి లాయిడ్ పాస్కో పోయాడన్నారు. ఊరంతా తలూపింది. శవపేటిక మోసినవాళ్ళలో క్లారీ కూడా ఉన్నాడు.

"పక్కనే నూనె గుడ్డ ఉంది. తుడుస్తుంటే పేలుతుందా? మీకు తెలుసు కదా, నాకు నిజం చెప్పండి."

క్లారీ బోల్టును చేతిలోకి తీసుకున్నాడు. "తుడవాలంటే ముందు దీన్ని బయటికి తీస్తాం, గ్లెనిస్. ఇది లోపల ఉంటే తుడవడం కుదరదు."

"పాతది కదా! అరిగిపోయి దానంతటదే పేలి ఉండొచ్చుగా?"

"కొన్ని అలా పేలతాయి."

"అయితే చూడండి. ఇప్పుడే, నా ముందే."

వద్దని చెప్పాలనుకున్నాడు. ఆమె కళ్ళు చూసి చెప్పలేకపోయాడు. గొట్టం ఖాళీగా ఉందని చూసుకుని బోల్టు ఎక్కించి మూశాడు. ఎన్నాళ్ళుగానో కలగన్న శబ్దం అది. తుపాకి వెనక కొసను నేలకేసి కొట్టాడు. అరిగి ఉంటే ఆ దెబ్బకే జారి తూటాను పేల్చాల్సిన మేకు కదల్లేదు. చెక్కసుత్తితో పక్కల నుంచి కొట్టాడు. కదల్లేదు.

"ఇంకోసారి" అంది గ్లెనిస్.

కొట్టాడు.

"గట్టిగా!"

చేతులు నొప్పెట్టేదాకా కొట్టాడు. చివరికి ఆమే ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"అంటే నాన్న తనే కావాలని... ఇన్నేళ్ళూ ఆయన అజాగ్రత్త మీద కోపంతో బతికాను" అంది మెల్లగా. "సమాధి దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. దీన్ని మీ ఇంట్లో ఉంచకండి, క్లారీ."

మర్నాడే క్లారీ దాన్ని పోలీసు స్టేషన్‌లో ఇచ్చి ముక్కలు చేయించమన్నాడు. "నంబర్లు రెండూ కలిశాయే, మనసెలా వచ్చింది?" అన్నాడు కానిస్టేబుల్. క్లారీ సంతకం పెట్టి వచ్చేశాడు.

ఆదివారం గ్లెనిస్ ఒంటరిగా వెళ్ళలేనంటే, తన కారులో గ్రాహం ఇంటికి తీసుకెళ్ళాడు. ఆమె చెప్పిందంతా గ్రాహం వాకిట్లోనే నిలబడి విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

"ఆ గుడ్డ అక్కడ పెట్టింది నేనే" అన్నాడు. "అమ్మ పెట్టమంది. నాకప్పుడు పదమూడేళ్ళు. పోలీసు సార్జెంటు ఆ గుడ్డ చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అడగలేదు."

"నాకెందుకు చెప్పలేదన్నయ్యా?"

"నీకు నాన్న మీద కోపమొచ్చింది. ఏడ్చి ఏడ్చి చిక్కిపోయేకంటే కోపంగా ఉండటమే నయం, దాన్నలాగే ఉండనీ అంది అమ్మ." గ్రాహం చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మరి నేనెవరికి చెప్పుకోను? ఆ తుపాకి ఇంట్లోంచి పోతే చాలనుకున్నాను."

గ్లెనిస్ అన్నను కొడుతుందేమోనని క్లారీ భయపడ్డాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తిరుగుదారిలో, పచ్చటి గోధుమ చేల మధ్య, కారు ఆపమంది. దిగి కంచె దాకా నడిచి, తీగ పట్టుకుని, నాన్నా అంటూ ఏడ్చింది. క్లారీ ఇంజను ఆపి, కిటికీ అద్దం ఎత్తి, ఆమె వచ్చేదాకా కూర్చున్నాడు.