కాలవలో వేసిన రసీదులు

అప్పు తీరాక దాని కాగితం ఇంట్లో ఉండకూడదనీ, ఉంటే ఆ వాసన పట్టుకుని అప్పు మళ్ళీ గుమ్మం ఎక్కుతుందనీ వేదవతి నాయనమ్మ అనేది. చింపి, పారే నీళ్ళలో వేసెయ్యాలట. రేపల్లెలో పాతికేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్న వేదవతి మిగతా మూఢనమ్మకాలన్నిటినీ ఊడ్చి పారేసింది గానీ, దీన్ని మాత్రం భద్రంగా దాచుకుంది. ఎంత చదువుకున్నా మనిషికి ఒక్క పిచ్చయినా మిగలాలి కాబోలు.

రెండువేల ఆరు వేసవిలో, స్టేషను వెనక కాలనీలో వేదవతితో సహా నాలుగిళ్ళవాళ్ళు తెనాలి బ్యాంకులో పదిహేనేళ్ళ కిందట తీసుకున్న ఇంటి లోన్లు తీర్చేశారు. ఆ ఆదివారం వేదవతి అందరినీ కాలవగట్టుకి బయల్దేరదీసింది. నెలనెలా కిస్తీ కట్టినప్పుడు బ్యాంకువాళ్ళు ముద్ర కొట్టి ఇచ్చిన రసీదులు ఇంటికో సంచెడు వచ్చాయి.

కాంతమ్మ ఒక్కతే వెనకాడింది. ఆమె భర్త వేదవతి స్కూల్లోనే అటెండరుగా చేస్తూ పోయాడు. ఆ తర్వాత ఇంటిముందు ఇడ్లీలు అమ్ముకుంటూ ఆమే కిస్తీలు కట్టింది. గడువు అయిపోయినా ఇంకా ముప్పై ఎనిమిది వేలు బాకీ ఉందని బ్యాంకు చెబితే, వడ్డీ వ్యాపారి వెంకట్రామయ్య దగ్గర నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీకి, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చి కట్టింది.

"ఇవి ఉండనిద్దామా టీచరుగారూ? ఆయన చేత్తో కట్టినవి కూడా ఉన్నాయండి ఇందులో."

"ఉంచితే అప్పు మళ్ళీ వస్తుందే పిచ్చిదానా. చింపు."

కాంతమ్మ చింపింది. వేదవతి అందరికీ బూందీ పంచింది.

అదే కాలనీలో వెల్డింగు షాపు సుభానికి లోను ఇంకో ఏడాది ఉంది. ఆ ఏడాది గడిచి, ఆఖరి కిస్తీ కట్టడానికి తెనాలి వెళ్తే, బదిలీ మీద వెళ్ళిపోతున్న గుమస్తా జార్జి అతన్ని పక్కకి పిలిచాడు. బయట వడ్డీ రేట్లు పెరిగినప్పుడల్లా మీకు పెంచారు, తగ్గినప్పుడు తగ్గించాలని ఒప్పందంలో ఉన్నా పదేళ్ళుగా తగ్గించలేదు, అడగండి అని చెప్పాడు. సుభాని షాపుకి కూడా వెళ్ళకుండా తిన్నగా వేదవతి ఇంటికొచ్చాడు.

వేదవతి సుభాని ఒప్పందం కాగితం ముందేసుకుని, ఎవరెవరు నెలకెంత కట్టారో అడిగి, మూడు సాయంత్రాలు కూర్చుని లెక్క కట్టింది. కట్టాల్సినదానికన్నా అందరి దగ్గరా ఎక్కువే గుంజారు. కాంతమ్మ లెక్క దగ్గరికొచ్చేసరికి ఆమె కలం ఆగిపోయింది. ఆ ముప్పై ఎనిమిది వేల బాకీ అసలు లేనే లేదు. లేని అప్పు తీర్చడానికి ఆ మనిషి ఉన్న ఇల్లు తాకట్టు పెట్టింది.

"డబ్బు తిరిగొస్తే ఇల్లు విడిపించుకోవచ్చాండి?" అనడిగింది కాంతమ్మ.

"వస్తుంది. నేను రప్పిస్తాను," అంది వేదవతి. మనసారా నమ్మే అంది.

బాపట్ల ప్లీడరు యేసుదాసు ఆమె లెక్కల కాగితం చూసి తెగ సంతోషించాడు. "ఇంత స్పష్టంగా ఉన్న కేసు నాకెప్పుడూ రాలేదమ్మా. వాళ్ళు ఒకటే అంటారు, కిస్తీలు ఆలస్యంగా కట్టారు కాబట్టి వడ్డీ పెరిగిందని. ఏ నెల కిస్తీ ఆ నెలే కట్టినట్టు రసీదులు పడేస్తే నోరు మూస్తారు. తెచ్చారా?"

వేదవతి జరిగింది చెప్పింది. యేసుదాసు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టేశాడు.

తెనాలి మేనేజరు మర్యాదస్తుడే, కాఫీ కూడా తెప్పించాడు. "పాత లెడ్జర్లు లేవమ్మా, కంప్యూటర్లోకి ఎక్కించాక తీసేశాం. రసీదులు పెట్టండి, పైసాతో సహా ఇచ్చేస్తాం." లెడ్జర్లు పారేసిన బ్యాంకుది నిబంధన, రసీదులు పారేసిన కాంతమ్మది తప్పు! గుంటూరు వినియోగదారుల ఫోరం చుట్టూ రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే తేలింది కూడా అదే. రసీదులున్న సుభానికి ముప్పై ఒక్క వేలు ఇమ్మన్నారు. మిగతా నలుగురి ఫిర్యాదూ ఆధారాలు లేవని కొట్టేశారు.

సుభాని దగ్గర రసీదులు ఉన్నాయంటే అది వాళ్ళమ్మ ఇమాం బీ చలవ. ఆమెకి చదువు రాదు. ఏది పనికొచ్చే కాగితమో, ఏది కాదో తెలియక, ఇంటికొచ్చిన ప్రతి కాగితం ట్రంకుపెట్టెలో వేసేది. చదువు రాని ఆ మనిషి ఇల్లు నిలబెట్టుకుంది. చదువు చెప్పే వేదవతి మూడిళ్ళు ముంచింది, తనది కాక. తన ఇంటి సంగతి ఆమెకి పట్టలేదు. నెలజీతం ఉంది, తట్టుకోగలదు. కాంతమ్మ ఇడ్లీపాత్ర ముందునుంచి స్కూలుకి వెళ్ళడం మానేసింది. సందు తిరిగి చుట్టూ పోయేది.

ఇమాం బీ వచ్చిన డబ్బులో పదివేలు కాంతమ్మకి పంపింది. వేదవతి రెండుసార్లు జీతంలోంచి తెచ్చిచ్చింది. వెంకట్రామయ్య అన్నీ వడ్డీకే జమ వేసుకుని, అసలు అలాగే ఉందన్నాడు.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు కాంతమ్మే స్కూలు గేటు దగ్గరికొచ్చింది. పక్కన ఒక మూట, ఇడ్లీపాత్ర ఉన్నాయి.

"తమ్ముడి దగ్గరికి నిజాంపట్నం పోతున్నానండి. ఎండుచేపల పనుందంట. బస్సు కాలవ వంతెన దగ్గరే ఆగుతుంది, ఇంకా టైముంది. ఒక్కసారి కాలవదాకా రండి."

వేదవతి ఆమె వెంట నడిచింది. గట్టుమీద నిలబడి కాంతమ్మ కొంగుముడిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. ప్రోనోటు.

"వెంకట్రామయ్యగారు ఇల్లు రాయించుకుని నోటు తిరిగిచ్చేశారండి. బాకీ చెల్లిపోయింది. చింపుదాం."

"వద్దే కాంతమ్మా, దాచుకో! ఎప్పటికైనా పనికొస్తుంది."

"తీరిన అప్పు కాగితం ఇంట్లో ఉండకూడదని మీరేగా చెప్పారు."

మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తిట్టినా బాగుండు అనుకుంది వేదవతి. ముఖాన ఉమ్మేసినా బాగుండు.

"అది తప్పు. నేను చెప్పింది తప్పు కాంతమ్మా."

"తప్పేంటండి? అప్పు మళ్ళీ రాలేదుగా. ఇకమీదట వద్దామన్నా ఎలా వస్తుంది? తాకట్టుకి ఇల్లు లేదు, కాగితం దాచడానికీ ఇల్లు లేదు."

నోటుని మధ్యకి చింపి, ఒక సగం వేదవతి చేతిలో పెట్టింది. తన సగం ముక్కలు చేసి నీళ్ళలో వదిలింది. అప్పటిలాగే ఇప్పుడూ మీరు కూడా వెయ్యండి అన్నట్టు చూసింది.

వేదవతి చెయ్యి తెరవలేదు. నిజాంపట్నం బస్సు వచ్చింది, కాంతమ్మ మూటా పాత్రా ఎత్తుకుని ఎక్కేసింది, బస్సు వంతెన దాటిపోయింది. ఆ సగం కాగితం వేదవతి గుప్పిట్లోనే ఉంది.