గుండెకు పెట్టిన సెంట్రింగు

బల్మూర్ బుచ్చన్న సెంట్రింగ్ మేస్త్రీ, స్లాబు గట్టిపడేదాకా దాని కింద కట్టెలతో ఆసరా కట్టేవాడు. చుట్టుపక్కల ఊళ్లలోనే కాదు, బొంబాయి, పూనాల్లో కూడా స్లాబులు వేసి వచ్చినవాడు. పని విషయంలో దేవుడు దిగివచ్చి చెప్పినా వినడు. ఆయన వేసిన స్లాబులకు ముప్పై ఏళ్లుగా నీళ్లు పట్టింది ఆయన భార్య జంగమ్మ. ఆయన మొండితనం మీదా బిందెలకొద్దీ పోసింది గానీ, అది నానే రకం కాదు.

2008 ఎండాకాలంలో బుచ్చన్నకు గుండెనొప్పి వచ్చింది. సర్కారు కార్డు మీద హైదరాబాద్ దవాఖానలో, మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. జాలీలాంటి సన్నని గొట్టం నాళాన్ని తెరిచి పట్టుకుంటుంది. నాళం మెల్లగా దాని మీద తన పొరను పెంచుకుంటుంది. ఆ పొర పూర్తిగా కమ్మేదాకా లోహానికి నెత్తురు తగులుతూనే ఉంటుంది, తగిలినచోట గడ్డ కట్టవచ్చు. కట్టిందంటే ప్రాణానికే మోసం. అందుకే ఏడాదిపాటు ఈ గోళీలు ఒక్కరోజు కూడా మానకూడదు.

ఇంత చెప్పినా బుచ్చన్న మనసు వేరేచోట ఉంది. దీన్ని మళ్లీ ఎప్పుడు తీస్తారని అడిగాడు. తీయరు, జన్మంతా లోపలే ఉంటుందని ఆమె అన్నది. సెంట్రింగ్ విప్పకుండా వదిలేసే పని ఆయన ఎక్కడా చూడలేదు. ఆయన ముఖం చూసి డాక్టరమ్మకు నవ్వొచ్చింది. పై దేశాల్లో కొత్తరకం పరీక్షిస్తున్నారనీ, అది నాళం కోలుకునేదాకా ఆసరాగా ఉండి, రెండు మూడేళ్లలో దానంతట అదే కరిగిపోతుందనీ, మన దగ్గరికి ఇంకా రాలేదనీ చెప్పింది. చివరి ముక్క ఆయన చెవికెక్కలేదు.

"అగో, పనంటే గది" అన్నాడు.

ఊళ్లో కనిపించిన ప్రతివాడికీ తన గుండెలో కరిగిపోయే సెంట్రింగ్ పెట్టారని చెప్పుకున్నాడు. జంగమ్మ ఆయన చేతిలోంచి బిందె లాక్కునేది, కూరలో ఉప్పు తగ్గించేది, పొద్దున్నే పక్కనే నడిచేది. ఆయన విసుక్కునేవాడు గానీ, ఆమె రెండడుగులు వెనకబడితే ఆగి చూసేవాడు.

నెల కావస్తుండగా ఒకరోజు ఆమె గోళీల అట్ట తీసి చూసింది. నాలుగు రోజులుగా ఒక్కటీ తగ్గలేదు. అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పాడు. స్లాబు ఇరవై ఒక్క రోజులకు గట్టిపడుతుంది, ఆ తర్వాత కూడా కట్టెలు ఉంచితే మేస్త్రీని చూసి లోకం నవ్వుతుంది, గోళీలదీ అదే లెక్క, తను మానేసి నాలుగు రోజులైనా ఏమీ కాలేదు.

జంగమ్మకు అరిచి గీపెట్టాలనిపించింది. అరిస్తే ఆయన ఇంకా బిగుసుకుంటాడని ఆమెకు తెలుసు. వచ్చి మంచం మీద పక్కన కూర్చుంది.

"ఒక్క మాట చెప్పయ్యా. సెంట్రింగ్ ఇప్పేటప్పుడు స్లాబు కింద ఎవర్ని నిలవడనిస్తవు?"

"ఎవర్నీ నిలవడనియ్య. అందర్నీ అవుతలికి పంపి నేనొక్కణ్నే ఉంట. వడితే నా మీదనే వడాలె."

"మరి గీ స్లాబు కింద నేనున్న. నన్ను అవుతలికి పొమ్మని చెప్పకుంటనే కట్టెలు గుంజినవు."

బుచ్చన్న ఆమె చేతుల వైపు చూశాడు. సిమెంటు నీళ్లకు పగిలి, గట్టిపడిన చేతులవి. తర్వాత లేచి గోళీ వేసుకుని, అంగీ తొడుక్కున్నాడు. ఆ పూటే ఇద్దరూ నాగర్‌కర్నూల్ బస్సెక్కారు.

అక్కడి డాక్టర్ ఈసీజీ తీసి చూశాడు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదని చెప్పి, గోళీలు ఎందుకు మానేశావని గట్టిగా కోప్పడ్డాడు. జంగమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. బుచ్చన్న ఆమెను ఆపాడు.

"తప్పు నాదే సారూ. కింద మనిషున్నది చూసుకోలే."

ముప్పై ఏళ్లలో ఆయన నోట తప్పు అన్న మాట ఎరగని జంగమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఏడ్చింది.