సుద్ద కలిపిన కుర్చీ

రాతూ పెథేలి భారీ మనిషి. ఫిజీలో ఓ ఊరి పెద్ద; రాతూ అన్నది ఆయన బిరుదు. సభ మొదలైన కాసేపటికే ఆయన కింద ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు మెల్లగా విచ్చుకునేవి. రాతూ కంటే ఎత్తులో ఎవరి తలా ఉండకూడదు. ఆయన బెత్తెడు దిగితే ఊరంతా బెత్తెడు వంగాలి. యంగోనా వేళ్ల రసం నింపిన కొబ్బరి చిప్ప ఇంకో చుట్టు తిరిగేసరికి, కింద చాపల మీద కూర్చున్న ముసలివాళ్లు మోచేతుల మీదికి వచ్చేసేవారు.

లౌటోకా పట్నంలో కుర్చీల ఫ్యాక్టరీలో, అచ్చుకు పోసే ప్లాస్టిక్ గుళికలు కలిపే మెరెయోనీ ఈ ఊరి పిల్లే. వంగని కుర్చీ ఒకటి చేసి చూపిస్తే కొత్త హాలుకు కుర్చీలన్నీ మీ దగ్గరే కొంటామని రాతూ కబురు పెట్టాడు. ఈ బేరం పోతే మిషన్ ఆపి, నిన్ను ఇంటికి పంపడమేనని యజమాని మునిసామి మొహమాటం లేకుండా చెప్పాడు.

సుద్దపొడి చవక. గుళికల్లో కాస్త కలిపితే ప్లాస్టిక్ బిగుస్తుంది. కాస్తకే అంత బిగుసుకుంటే బోలెడు కలిపితే ఎంత బిగుసుకోవాలి అనుకుంది మెరెయోనీ. అచ్చులోంచి వచ్చిన కుర్చీ ఎంత నొక్కినా వెంట్రుకవాసి వంగలేదు. మునిసామి వేలితో తట్టి, పింగాణీ పళ్లెంలా మోగుతోందేమని అడిగాడు గాని, ఖర్చు తగ్గిందని ఊరుకున్నాడు.

పందిరి కింద సభలో రాతూ కూర్చున్నాడు. కుర్చీ కదల్లేదు. చాన్నాళ్లకు ఊరు వెన్ను నిటారుగా పెట్టింది. మెరెయోనీ ఊపిరి పీల్చుకుంది. రాతూ చిప్ప ఖాళీ చేసి, ఆచారం ప్రకారం అరచేతులు బోలుగా చేసి చప్పట్లు చరిచాడు. ఆ అదురుకు కాళ్లన్నీ ఒక్కసారే ఫెళ్లుమన్నాయి.

రాతూ వెల్లకిలా పడ్డాడు. ఊరంతా గబుక్కున బోర్లా పడుకుంది. ఆయనకు దెబ్బేమీ తగల్లేదు. కానీ లేపాలంటే ఎవరో ఒకరు లేవాలి. లేస్తే ఆయన కంటే ఎత్తయిపోతారు.

“ఏం పోశావే దాన్లో?” అన్నాడు ఆమె పక్కనే పడుకున్న సేమి మామ, మొహం చాపకు ఆనించే.

“సుద్ద, మామా.”

“కుర్చీ అడిగితే బిస్కెట్టు తెచ్చావు కదే.”

చివరికి చాప పక్కకు లాగి, పడుకున్నవాళ్లు పడుకున్నట్టే కొబ్బరి చిప్పలతో గొయ్యి తవ్వారు. అందరూ అందులోకి దొర్లి, అక్కడ నిలబడి, రాతూను ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టారు. ఆయన కాళ్లు వేలాడేసుకుని, కింద వరసగా ఉన్న తలలన్నీ చూసుకున్నాడు. మెరెయోనీ గోతిలోంచి ఆయన మాట కోసం ఎదురుచూసింది.

“సుద్ద సగానికి తగ్గించి ఇంకోటి పట్రా, పిల్లా. వంగితే వంగనీ. విరిగే ముందు నాకు కాస్త తెలియాలి. అప్పటిదాకా సభ గోతిలోనే.”

ఉద్యోగం నిలబడింది. మునిసామికి చెప్పాలని ఆమెకు తొందర. రోడ్డు మీద లౌటోకా బస్సు హారన్ కొట్టింది. గట్టెక్కితే ఆమె తల రాతూ కంటే ఎత్తయిపోతుంది. రాతూ గట్టు మీద సర్దుకుని కూర్చుని, మరో గిన్నె యంగోనా కలపమన్నాడు.