వాడకట్టంతా కలిస్తే రోబో

భార్య కాశమ్మ వేలు తెగిన రోజే బాలనర్సింహ గట్టిగా అనుకున్నాడు, ఇక ఆలస్యం చేయకూడదని. ఇబ్రహీంపట్నం చేపల మార్కెట్లో ఆమె కత్తిపీట ముందు కూర్చుందంటే రవ్వయినా కొరమీనైనా మాట్లాడుతూనే ముక్కలు చేసి ఇచ్చేది. అలాంటి మనిషి కళ్లకు శుక్లాలు కమ్మి, చేప తోకేదో తన వేలేదో తెలియని స్థితికి వచ్చింది. ఎండలకు చెరువు తగ్గుతోంది. వలలు దిగే రోజులు దగ్గరపడ్డాయి. ఈ సీజనంతా ఇంట్లో కూర్చుంటే గిరాకీలు వేరేవాళ్లకు అలవాటు పడతారని ఆమె బెంగ.

సిటీలో ఒక ట్రస్టు దవాఖాన ఉచితంగా ఆపరేషన్లు చేస్తోందని, సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆన్‌లైన్‌లో తేదీలు ఇస్తుందని తెలిసింది. ఆన్‌లైన్ అంటే బాలనర్సింహకు భయమేమీ లేదు. ఏడో తరగతిలోనే బడి మానేసినా, చేపల ధర దగ్గర్నుంచి వాన కబురు దాకా వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు పెట్టేది అతనే. పైగా ఇంట్లో కొత్తగా వైఫై పెట్టించాడు. తన పని ఒక్కటే చూసుకుంటే ఏం బాగుంటుందని ఆదివారం గ్రూపులో వాయిస్ మెసేజ్ వదిలాడు.

"కండ్లల్ల పొరలున్నోళ్లు ఎవ్వలున్నా రేపు పొద్దుగాల మా ఇంటికి రార్రి. మస్తు స్పీడు నెట్టున్నది. నేనున్న, ఫికర్ చెయ్యకుర్రి."

ఫికర్ చెయ్యకుండా వాడకట్టంతా దిగింది. తల్లుల కోసం కొడుకులు, అత్తల కోసం కోడళ్లు, ఏ పనీ లేకుండా చూద్దామని వచ్చినవాళ్లు కొందరు. అరుగు నిండింది, గడప నిండింది. అందరి ఫోన్లకూ వైఫై పాస్‌వర్డ్ తనే దగ్గరుండి కొట్టి ఇచ్చాడు.

తొమ్మిదయింది. దవాఖాన పేజీలో ఖాళీ తేదీలు పచ్చ గళ్లలో వరసగా కనబడ్డాయి. బాలనర్సింహ కాశమ్మ పేరు, వయసు, ఫోన్ నంబరు, ముందుగా కుడి కన్ను అని కొట్టాడు. చివర్లో 'నేను రోబోను కాదు' అని చిన్న డబ్బా వచ్చింది. టిక్ పెట్టాడు. వెంటనే తొమ్మిది బొమ్మలు దిగాయి.

"ఏమంటున్నదన్నా?" అని భుజం మీదుగా తల దూర్చాడు జంగా. పక్కింటి వాడు, పాల క్యాన్లు డెయిరీకి వేస్తుంటాడు. వాళ్లమ్మ కోసం వచ్చాడు.

"బస్సులున్న బొమ్మలు నొక్కమంటున్నది. పోరగాండ్ల ఆట తియ్యి."

"గది బస్సు. ఇగో గిదీ నొక్కు."

"అది డీసీఎం రా, సామాన్లేసే బండి."

"డీసీఎం అయితే ఏందే? మా అక్క పెండ్లికి కందుకూరుకు దాంట్లనే గదా అందరం పోయింది! మనుషులు కూసున్నంక బస్సు కాదా?"

"నిజమే కొడుకా," అంది సుక్కమ్మ. వాడకట్టులో పెద్దావిడ, ఆమెకూ రెండు కళ్లలోనూ పొరలే. "నేను డ్రైవర్ పక్కన్నే కూసున్న. ఖుషీగ పోయినం."

బాలనర్సింహకూ అది న్యాయంగానే తోచింది. నొక్కాడు. తప్పన్నది. మళ్లీ బొమ్మలు. ఈసారి మోటారు బండ్లట. ఒక గడిలో బండి లేదు, దాని అద్దం మాత్రం ఇంత కనబడుతోంది.

"అద్దాన్ని బండి అనొచ్చంటవా?"

"బండి అద్దం బండిది గాక మీ అత్తగారిదా?" అన్నాడు జంగా.

అరుగంతా నవ్వింది. నవ్వులు ఆగి, అద్దం బండి కిందికే వస్తుందని తీర్పు అయ్యేసరికి టైమ్ అయిపోయిందన్నది పేజీ. మళ్లీ మొదటి నుంచి. అటు మిగతా ఫోన్లలోనూ ఇదే గోల. ఒకరికి వంతెనలు, ఒకరికి పొగగొట్టాలు. ఒక కోడలికైతే రోడ్డు పక్కన పొట్టిగా ఎర్రగా ఉండే, ఫైరింజన్లు నీళ్లు పట్టుకునే నల్లాలేవో వచ్చాయి. అలాంటి నల్లాను ఇక్కడెవరూ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"మనుషులమేనా అని గిన్నిసార్లు అడుగుతది, సిగ్గు లేదా దీనికి?" అన్నాడు జంగా. "నేను మనిషినని మా అవ్వ కన్నప్పుడే తేలిపాయె. మళ్ల సాక్ష్యం చెప్పాల్నా?"

పైన పచ్చ గళ్లు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి. ఎక్కడెక్కడి వాళ్లో తేదీలు పట్టుకుపోతున్నారు. గడప లోపల నుంచి కాశమ్మ అరిచింది.

"ఒక్కలు నొక్కుర్రి! గింతమంది నోళ్లెందుకు?"

ఎవరూ వినలేదు. పాలు విరిగిపోతాయని జంగా విసుక్కుంటూ బండి తీసి డెయిరీకి పోయాడు. కాసేపటికి అతని నుంచే ఫోన్.

"అన్నా! మా అమ్మకు దొరికింది! బొమ్మల్లేవ్, ఏం లేవ్. డబ్బాల టిక్ పెట్టిన, సీదా పచ్చగైంది."

"ఎవర్నన్న అడిగినవా?"

"ఎవర్నడుగుత? పాల క్యాన్లనడుగుతనా?"

బాలనర్సింహ ఫోన్ పెట్టేసి ఆలోచనలో పడ్డాడు. అదే జంగా, అదే ఫోన్, అదే పేజీ. మారిందేమిటి? ఇల్లు దాటాడు. ఈ వైఫై వదిలి, సొంత సిమ్ నెట్టు మీద చేశాడు. అంతే. తల ఎత్తి అరుగు మీద జనాన్నీ, గోడకు మినుకుమినుకుమంటున్న వైఫై డబ్బానూ మార్చి మార్చి చూశాడు. విషయం దొరికింది.

"ఇనుర్రి! దవాఖానోళ్లకు మనం కనవడం, గీ ఒక్క డబ్బానే కనవడుతది. ఇంట్ల ఒక్కడే కూసొని ఇరవై చేతులతోని నొక్కుతున్నడనుకుంటున్నది మిషిని. ఇరవై చేతులుంటే మనిషెట్లయితడు?"

"మరి మేం అందరం వేరే వేరే అని చెప్పరాదు కొడుకా," అంది సుక్కమ్మ.

"దానికి చెవుల్లేవు పెద్దమ్మా. మనమే వేరే వేరే కావాలె. లేసి తలా ఒక దిక్కు పోర్రి."

మాట అన్నాక అతనికే బాగనిపించలేదు. తాను పిలిస్తేనే వచ్చారు. వచ్చినవాళ్లను ఛాయ్ తాగి పొమ్మనడం వేరు, ఉత్త నోటితో పొమ్మనడం వేరు. అనుకున్నట్టే, ఊరికే చూద్దామని వచ్చిన లింగం మూల నుంచి లేచాడు.

"పిలిచేటోనివి నువ్వే, ఎల్లగొట్టేటోనివి నువ్వేనా?"

"అవ్, ఎల్లగొడుతున్న. తిట్టుకునేదుంటే పగటాల వచ్చి తిట్టుకో, అప్పుడు ఛాయ్ గూడ పోస్త. ఇప్పుడు సుక్కమ్మ పెద్దమ్మను బండెక్కించుకొని బస్టాండుకు పో. నీ సిమ్ము మీద ఆమె పేరు కొట్టు. డీసీఎం వస్తే ముట్టకు!"

లింగం ఇంకేదో అనబోయి, సుక్కమ్మ అప్పటికే బండి దగ్గర నిలబడిందని చూసి తాళం చెవి తీశాడు. బాలనర్సింహ వైఫై తీగ పీకేశాడు. ఒకరిని చెరువు కట్ట మీదికి, ఒకరిని బర్ల కొట్టం దగ్గరికి, కోడళ్లను వాళ్ల వాళ్ల డాబాల మీదికి తరిమాడు. గేటు వేసి, తన ఫోన్లో సిమ్ నెట్టు పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. కాశమ్మ తడుముకుంటూ వచ్చి పక్కన చేరింది.

పచ్చ గళ్లు కొన్నే మిగిలాయి. టిక్ పెట్టాడు. పొద్దుటి నుంచి అన్నిసార్లు తప్పు చేసినందుకేమో, అతనికి మాత్రం మళ్లీ బొమ్మలు దిగాయి. మెట్లున్నవి నొక్కాలట. నాలుగు చక్కగా కనబడ్డాయి. ఐదో దాంట్లో మెట్ల పక్కనే చక్రాల కుర్చీలు ఎక్కించే ఏటవాలు దారి ఉంది. మెట్టు అంచు వచ్చిందా రాలేదా అన్నట్టుంది. అలవాటుగా తల తిప్పాడు.

"ఎవర్ని చూస్తున్నవ్?" అంది కాశమ్మ.

"ఎవర్ని లేదు."

"నన్నడిగితే నాకు కనవడదు. నీకు కండ్లున్నయ్ గదా, నువ్వే తేల్చు."

అతను వేలు గాల్లోనే ఆపి ఒక్క క్షణం చూశాడు. కాలెత్తి వేస్తేనే మెట్టు. ఇది జారేది. దాన్ని వదిలేసి కింది బటన్ నొక్కాడు. చక్రం ఒకసారి తిరిగింది. టిక్ పచ్చబడింది. తేదీ నొక్కాడు. ఫోన్ టింగుమంది.

"అయిపాయె! గురువారం! కుడి కన్ను!"

కాశమ్మ కట్టు కట్టిన వేలు ఒళ్లో పెట్టుకుని, లోపలే లెక్కేదో చూసుకుంది.

"అయితే బుధవారమే తలకు పోసుకోవాలె. ఆపరేషనైతే మళ్ల ఎప్పుడు పోసుకోనిస్తరో ఏమో. కుంకుడుకాయలున్నయా చూడు."

"చూస్త."

"కుంకుడుకాయలు తర్వాత చూద్దువు గని, ముందుగాల మార్కెట్‌కు పొయ్యిరా. నా జాగల ఎవ్వలన్న కూసున్నరేమో. కాశమ్మ వస్తున్నదని చెప్పు, ఇప్పటికెల్లే వేరే జాగ చూసుకోమను."

బాలనర్సింహ చెప్పులేసుకున్నాడు.