తలుపు వెనక పంతులమ్మ

ఆ రోజు మిర్యాలగూడలోని ఆ ఇంట్లో సైదయ్య పంతులు, ఆయన తల్లి బాలనర్సమ్మ, భార్య పద్మమ్మ, అరుగు మీద పదకొండుమంది పిల్లలు, సూర్యాపేట నుంచి బడి చూడవచ్చిన ఇన్‌స్పెక్టరు ఉన్నారు.

కోదాడలో ఆడపిల్లల బడి కొత్తగా పెడుతున్నారు. దానికి పంతులమ్మ కావాలి; ఎంచేది ఈ ఇన్‌స్పెక్టరే. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి పద్మమ్మకు మనసు మనసులో లేదు. పంతులుకు చూపు మందగించి రెండేళ్లయింది. అప్పటి నుంచి పిల్లలకు చదువు చెబుతున్నది ఆమే. అయితే మగవాళ్లు తిరిగే అరుగు మీద కోడలు కూర్చోవడం అత్తకు గిట్టదు గనక, ఓరవాకిలిగా వేసిన తలుపు వెనక నుంచే చెప్పేది.

ఇన్‌స్పెక్టరు ఒక పిల్లను లెక్క అడిగాడు. పిల్ల తలుపు వైపు తిరిగి జవాబు చెప్పింది. ఇంకొకణ్ణి పాఠం చదవమన్నాడు. వాడూ అటే తిరిగాడు.

"అడిగింది నేనైతే, మీరంతా తలుపుకు అప్పజెప్తరేంది?" అన్నాడాయన.

పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఏమైనా మంచిగ చెప్పినవ్ పంతులూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు సైదయ్యతో.

సైదయ్య తల వంచుకున్నాడు గానీ కాదనలేదు.

ఈ పూట నోరు మెదపకపోతే కోదాడ బడి తనది కాదని పద్మమ్మకు అర్థమైంది. కొంగు సర్దుకొని గడప దాటింది.

"చెప్పింది నేను సార్. కోదాడ బడికి నా పేరు రాసుకోండ్రి."

"ఏం పేరమ్మా?"

ఊరందరికీ ఆమె పంతులు భార్యే. పేరు అడిగినవాళ్లు లేరు.

"పద్మమ్మ," అన్నది. వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా చెప్పింది.

"ఇగ గాడనే ఉండు," అంటూ లోపల నుంచి బాలనర్సమ్మ తలుపు మూసి గడియ పెట్టింది.