వెలుతురు కావాల్సినవాళ్ళు

హోమ్ థియేటర్ పిచ్చి ఇంజినీరుకు ఎప్పుడు పట్టిందోగానీ, ఆరు నెలలుగా తిండీ నిద్రా మరిచి తెరల కొలతలే చదివాడు. ఇంకా ఏమీ కొనకముందే ఆఫీసులో కోతలు కూడా కోసేశాడు. చివరికి ఒక శనివారం అక్కను వెంటబెట్టుకుని షాపుకు వెళ్ళాడు.

అక్కకు పదేళ్ళప్పుడు జ్వరమొచ్చి వినికిడి పోయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో సినిమా చూడటానికి ఒక పద్ధతి ఉంది. తమ్ముడు టీవీ పక్కన ఆమెకేసి తిరిగి కూర్చుని, మాటలన్నీ గొంతు లేకుండా పెదాలతో చెప్పేవాడు. విలన్ మాటలకు కనుబొమలు ముడిచేవాడు, హీరోయిన్ మాటలకు మెడ వయ్యారంగా తిప్పేవాడు. అక్క పడీపడీ నవ్వేది. కింద అక్షరాలు వేస్తానంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "అక్షరాలకు నీలా వేషాలు రావురా," అనేది.

షాపావిడ ఓపికగా అన్నీ చూపించింది.

"ప్రొజెక్టరైతే బొమ్మ గోడంత వస్తుందండీ. కానీ గది చిమ్మచీకటిగా ఉండాలి. కిటికీలకు నల్ల కర్టెన్లు, గోడలకు ముదురు రంగు, నేల అంచున సన్నటి లైటు, అంతే. పెద్ద టీవీ అయితే పక్కన దీపం వేసుకున్నా బొమ్మ చెడదు. మీ ఇంట్లో వెలుతురు కావాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆవిడ భుజం వెనకాల, దీపాల అర దగ్గర, అక్క ఒక చిన్న దీపాన్ని వెలిగిస్తూ ఆర్పుతూ ముచ్చటపడుతోంది. ఇంజినీరుకు ఆమె గుర్తు రాలేదనుకుంటే పొరపాటే. శుభ్రంగా గుర్తొచ్చింది. దాంతోపాటు తను పిలవబోయే ఆఫీసువాళ్ళూ, వాళ్ళముందు మెడ తిప్పుతూ కూర్చున్న తనూ కళ్ళముందు కదిలారు.

"ఎవరూ లేరండీ," అన్నాడు.

బయల్దేరేటప్పటికి అక్క ఆ దీపాన్ని తనే అరలో పెట్టేసింది. నచ్చలేదా అని అడిగాడు.

"బాగుంది. మనింట్లో దీనికి చోటెక్కడరా?" అందామె.

రెండు వారాల్లో గది సిద్ధమైంది. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసువాళ్ళు నలుగురు వచ్చారు, కర్టెన్లు మూసుకున్నాయి, నవ్వుల సినిమా మొదలైంది. బొమ్మ అద్భుతమని వాళ్ళంటుంటే ఇంజినీరు పొంగిపోయాడు. అందరూ నవ్వుతున్నారు. అక్కా నవ్వుతోంది. కానీ ప్రతిసారీ అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వుతోంది.

ఏదో ఎండ సీను వచ్చి గది కాస్త తెల్లబడింది. అప్పుడు చూశాడు. అక్క తెరకేసి చూడటం లేదు. చీకట్లో అతని మొహాన్ని వెతుక్కుంటోంది. అతను చప్పున తెరవైపు తిరిగిపోయాడు. ఛీ, ఏం బతుకు అనిపించింది.

"మీ అక్కగారికి తెగ నచ్చినట్టుందే," అన్నాడు వెళ్తూ వెళ్తూ ఒకాయన.

వాళ్ళు వెళ్ళగానే ఇంజినీరు లైటు వేసి అక్క ముందు నిలబడ్డాడు. తప్పు ఒప్పుకోవాలనే వచ్చాడు. తీరా నోరు తెరిచాక ఇంకోటి బయటికొచ్చింది.

"ఇంత చీకటి ఉంటుందని ఆ షాపావిడ చెప్పనేలేదక్కా. ఇంట్లో ఎవరున్నారని ఒక్క మాటైనా అడగలేదు."

అక్క అతని పెదాలను చివరిదాకా చూసింది.

"అడిగిందనుకున్నానే," అంది మామూలుగా. "ఆవిడ వీపు నావైపుంది, ఏమడిగిందో తెలీదు. నువ్వు మాత్రం 'ఎవరూ లేరు' అన్నావు. ఆ షాపులో లైట్లు చాలా బాగుంటాయిరా."

ఇంజినీరుకు తల కొట్టేసినట్టయింది. అటు తిరిగి నిలబడదామనుకున్నాడు. తిరిగితే తను చెప్పేది అక్కకు అందదు. అందుకని మొహం లైటుకేసి పెట్టి, చిన్నప్పటిలా పెదాలతోనే ఒక్కో మాటా చెప్పాడు.

"ఉన్నావక్కా. తెలిసే లేవన్నాను."