కుఫియా కుచ్చులు

"ఆ, అవా? అవి మా ఆడవాళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు వేస్తుంటార్లెండి."

మా ఆయన ముంతసిర్ ఆ మాట అన్నప్పుడు నేను కాఫీ పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. ఎక్కడో దూరదేశం నుంచి మా ఖలీల్ ఊరికి, కుఫియాలు నేసే మా ఇంటికి టీవీ వాళ్ళు వచ్చారు. మైకు పట్టుకున్న అమ్మాయి, మా మగవాళ్ళు తలకి చుట్టుకునే ఆ కుఫియా గుడ్డ అంచును వేళ్ళ మధ్య తిప్పి చూస్తూ, "ఈ కుచ్చులు ఎవరు వేస్తారు, మిషనా?" అని అడిగింది. దానికి ఆయన ఇచ్చిన జవాబు అది. అంతకుముందు పావుగంట సేపు ఎంత బాగా మాట్లాడాడో! "ఇది ఉత్త గుడ్డ కాదమ్మా. ఈ నల్లటి వల చూశారా, అది మా సముద్రం. ఈ ఆకులు మా ఆలివ్ చెట్లవి. ఈ లావు గీతలు మా దారులు. ఆ సముద్రం దాకా మమ్మల్ని పోనివ్వరు. ఆ చెట్లు నరికేస్తారు. ఆ దారులకి గేట్లు పెడతారు. గుడ్డ మీద మాత్రం ఎవడాపుతాడు? మేం ఉన్నామని చెప్పే గుడ్డ ఇది. ఇప్పుడు దీన్ని కూడా ఎవరెవరో మిషన్ల మీద గుద్దేసి అమ్ముకుంటున్నారు. ఎవరిదో చెప్పరు. చేసినవాళ్ళ పేరు చెప్పకుండా చేతిపని అమ్ముకోవడం దొంగతనం కాదూ?" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధమెందుకు, నాకూ తిరిగాయి. ఆ తరవాత ఆ పిల్ల కుచ్చుల సంగతి అడిగింది.

కప్పులు అందరి ముందూ పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. సెగ తగ్గించి, పక్కనే గోడకి కొట్టిన మేకు వైపు చూశాను. సగం కుచ్చులు వేసిన కుఫియా దానికి వేలాడుతోంది. పప్పు ఉడికేలోగా ఓ జానెడు అంచు అవుతుందని అక్కడ తగిలించుకుంటాను. ఖాళీగా ఉన్నప్పుడట. ఈ పంతొమ్మిదేళ్ళ కాపురంలో నేను ఖాళీగా ఉన్నది ఎప్పుడా అని వెతుక్కున్నాను. రొట్టెల పిండి పొంగేలోగా అంచు. కుళాయి వచ్చిన రోజు డాబా మీద తొట్లు నిండేలోగా అంచు. అత్తగారి మోకాళ్ళకి నూనె రాసి, అది ఇంకేలోగా అంచు. బీసాన్ కడుపులో ఉన్నప్పుడు నొప్పులు మొదలయ్యాక కూడా, ఆస్పత్రి దారిలో సిపాయిలు గేటు తెరుస్తారో లేదో కనుక్కుని వస్తానని ఆయన వెళ్ళాడు చూడండి, అప్పుడూ అంచే. పోగులు నాలుగేసి కలిపి మెలిపెట్టి ఒక ముడి, దాని కింద పక్క పోగులతో కలిపి రెండో ముడి. నా కుడిచేతి చూపుడువేలి మీద కాయ కట్టి ఒక గీత పడింది. ఇప్పుడు ఆ వేలితో పట్టును తాకినా గోనెను తాకినా నాకు ఒకలాగే ఉంటుంది.

ఈ రెండు ముడుల పద్ధతి మా నాయనమ్మది. ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఆవిడ పడుచుపిల్ల. తిరగబడ్డ పల్లెవాళ్ళు కుఫియా కట్టేవాళ్ళట. అది కనబడితే చాలు, సిపాయిలు పట్టుకుపోయేవాళ్ళు. అప్పుడు పట్నాల్లో అంగళ్ళవాళ్ళూ గుమాస్తాలూ కూడా ఎర్రటోపీలు తీసేసి కుఫియాలు చుట్టుకున్నారు, ఎవడు ఎవడో తెలియకుండా. "ఒక్క పూటలో మగాళ్ళందరూ వీరులైపోయారే తల్లీ. ఆ పూట ఎన్ని గుడ్డలకి అంచులు కట్టామో మమ్మల్ని అడిగినవాడు లేడు" అని నాయనమ్మ పడీ పడీ నవ్వేది. నేను కూడా నవ్వేదాన్ని. చిన్నపిల్లని కదా, అది నవ్వే సంగతే అనుకున్నాను.

నేను కాపురానికి వచ్చేసరికి మామగారి మరమగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఓడల్లో వచ్చే చవక కుఫియాలు బజారంతా నిండిపోయాయి. ఆయన తలపట్టుకు కూచుంటే, కొత్తకోడల్ని, ఊరుకోలేక నాలుగు గుడ్డలకి నాయనమ్మ ముడులు వేసి ఇచ్చాను. కొట్లవాళ్ళు అవి పట్టి చూసి, "ఇదీ మన గుడ్డంటే" అన్నారు. మగ్గాలు మళ్ళీ కదిలాయి. ఇవాళ మా ఇంటి మగవాళ్ళు ఆ కథ చెప్పేటప్పుడు అందులో మామగారి ఓర్పు ఉంటుంది, ఆయన కొడుకుల పట్టుదల ఉంటుంది, దేవుడి దయ ఉంటుంది. నేనే ఉండను. ఓసారి జీతం మాటెత్తితే మా ఆయన నవ్వాడు. "ఇంటి కోడలికి జీతమేమిటి? ఎవరన్నా వింటే నవ్విపోతారు." నడుం నొప్పి అంటే అత్తగారు అందుకున్నారు. "కూచుని చేసే పనికి నడుం నొప్పేమిటే? మేం ద్రాక్షతోటలో పొద్దున కనేసి సాయంత్రం వంట చేశాం."

పేరైనా ఉందా అంటే, అదీ లేదు. మా ఊళ్ళో ఆడదాన్ని పెద్దకొడుకు పేరు పెట్టి పిలుస్తారు, ఫలానావాడి తల్లి అని. నేను ఫఖ్రీ తల్లిని. ఫఖ్రీ అన్నది మామగారి పేరు. నాకు పుట్టబోయే కొడుక్కి పెళ్ళినాడే పెట్టేశారు. వాడు పుట్టలేదు. బీసాన్ పుట్టింది. ఇంకో ఇద్దరు కడుపులోనే పోయారు. అయినా ఊరికి నేను ఫఖ్రీ తల్లినే. ఇక నలుగురు మగాళ్ళ మధ్య పెళ్ళాం పేరు ఎత్తడమంటే పరువు తక్కువ. "ఇంట్లోవాళ్ళు" అంటారు. నా అసలు పేరు కిఫాయా. మా అన్నయ్య తరవాత, నాకు ముందు పుట్టిన నలుగురూ ఆడపిల్లలే కాబట్టి, 'ఇక చాలు' అనే అర్థంతో మా నాన్న పెట్టిన పేరు. విసుగుతో పెట్టినా నాదంటూ పెట్టిన పేరు అదొక్కటే.

టీవీ వాళ్ళు వెళ్ళిన మర్నాడు పొద్దున కార్ఖానా నుంచి కుఫియాల మూట వచ్చింది. ముంతసిర్ దాన్ని నా ముందు పడేసి, "శుక్రవారానికల్లా కావాలి" అన్నాడు.

"నేను ఖాళీగా లేను" అన్నాను.

"ఏం, అంత పనేముంది?"

"మా అన్నయ్యింటికి వెళ్ళే పనుంది."

మేకుకున్న సగం కుఫియా తీసుకుని, పదహారేళ్ళ బీసాన్‌ని వెంటబెట్టుకుని, పక్క ఊరు హల్హూల్‌లో మా అన్నయ్య జుహైర్ ఇంటికి వచ్చేశాను. గొడవ పడలేదు, ఏడవలేదు. దాంతో మా వదిన సమాహ్‌కి అసలేం అర్థం కాలేదు. "కొట్టాడా?" "లేదు." "ఇంకోదాన్ని చూసుకున్నాడా?" "లేదొదినా." "మరి దేనికే అలిగావు? కుచ్చులకా?" అంటూ బుగ్గలు నొక్కుకుంది.

మూడు వారాలు గడిచాయి. అక్కడ అత్తగారూ తోడికోడళ్ళూ కూచుని ముడులు వేశారని, మొదటి ఉతుకులోనే అంచులన్నీ పీచులైపోయాయని, వ్యాపారి మూట మూటంతా వెనక్కి పంపాడని తెలిసింది. ఆ శుక్రవారం నమాజు కాగానే పెద్దమనుషులు వచ్చారు. అలిగిన ఆడదాన్ని వెనక్కి తీసుకుపోవడానికి ఎప్పుడూ వచ్చేలాగే ఎనిమిది మంది, బుజాల మీద కుఫియాలతో. ముందు మా ఆయన పెదనాన్న హాజీ ఇద్రీస్, అందరి వెనకా తలొంచుకుని ముంతసిర్.

తలుపు సందులోంచి చూశాను. ముఖాలు చూడలేదు, అంచులు చూశాను. అన్నీ నా ముడులే. హాజీ బుజం మీదది బీసాన్‌కి పళ్ళొచ్చి జ్వరం కాసినప్పటిది. తలుపు పక్కనున్నాయనది రెండో కాన్పు పోయిన వారంలోది. ఓ మూల ముడులు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ వారం నా చేతులు అలాగే ఉండేవి. ఎనిమిది మంది నా బతుకును బుజాన వేసుకుని, నన్ను అడగకుండానే నా గురించి మాట్లాడటానికి వచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అన్నయ్య కాఫీ ఇచ్చాడు. హాజీ కప్పు అందుకుని, తాగకుండా బల్ల మీద పెట్టేశాడు. మిగతా ఏడుగురూ పెట్టేశారు. "జుహైర్, మా పని అయ్యేదాకా మీ కాఫీ ముట్టం. మా పిల్లని మాకు ఇప్పించు" అన్నాడు. ఇక అన్నయ్య "తాగండి, మీరడిగింది ఇచ్చినట్టే" అంటే అయిపోయింది. వచ్చినవాళ్ళు కాఫీ తాగకుండా లేస్తే ఇంటికి తలవంపులు. అన్నయ్య నోరు తెరుస్తుండగానే వదిన నన్ను మోచేత్తో పొడిచింది. "ఎనిమిది మంది మగాళ్ళొచ్చారే! ఇంకేం మర్యాద కావాలి నీకు? చెప్పులేసుకో."

వేసుకున్నది చెప్పులు కాదు. ఆ సగం కుచ్చుల కుఫియా బుజాన వేసుకుని, నా కప్పులో కాఫీ పోసుకుని, ఆ గదిలోకి నడిచాను. కప్పును హాజీ కప్పు పక్కనే పెట్టాను.

"నాకూ ఒక కోరిక ఉంది హాజీ. అది తీరేదాకా నేనూ తాగను."

"ఆడవాళ్ళు కప్పు కింద పెట్టడం ఎక్కడన్నా ఉందా?" అని ఎవరో గొణిగారు. హాజీ చెయ్యెత్తి ఆపాడు. "చెప్పమ్మా. బంగారమా? వేరే కాపురమా?"

"మీ కుఫియాకి అంచు ఎవరు కట్టారో ముంతసిర్‌ని చెప్పమనండి. టీవీ వాళ్ళకి చెప్పలేదు. మీకైనా చెప్పమనండి."

హాజీ హాయిగా నవ్వేశాడు. "ఇంతేనా! చెప్పరా అబ్బాయ్, నోటి ముత్యాలు రాలవులే."

"ఇంట్లోవాళ్ళే కట్టారు పెదనాన్నా."

"ఇంట్లోవాళ్ళంటే?" అన్నాను.

"ఫఖ్రీ తల్లి."

"ఆ కొడుకుని నేను కనలేదు. నాకు పేరుంది."

ముంతసిర్ చెవులు ఎర్రబడ్డాయి. "పదిమందిలో నా పరువు తీస్తావా?" అన్నాడు పళ్ళ బిగువున.

"చేసినవాళ్ళ పేరు చెప్పకుండా చేతిపని అమ్ముకోవడాన్ని ఏమంటారో నువ్వే చెప్పావు కదా. నేను గుమ్మంలోనే ఉన్నాను, విన్నాను."

హాజీ తన కుఫియా అంచు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "నిజమేనమ్మా. పదిహేనేళ్ళయింది, ఒక్క ముడి ఊడలేదు" అన్నాడు. కాని కొడుకు వరసవాడి వైపు తిరిగి, ఆ పేరు చెప్పమని మాత్రం అనలేదు. సిపాయిల తుపాకుల ముందు ఛాతీ విరుచుకు నిలబడ్డ ముంతసిర్, నా పేరు దగ్గర నిలబడలేకపోయాడు. జాలేసింది. కాని జాలితో పంతొమ్మిదేళ్ళు గడిపాను, చాలదా?

"బీసాన్! కాఫీలు చల్లారిపోయాయి, కప్పులు తీసెయ్యమ్మా" అన్నాను.

అన్నయ్య ముఖం పాలిపోయింది. బీసాన్ మాత్రం వెనకాడలేదు. నిండు కప్పులు ఎనిమిదీ ఒక్కొక్కటే పళ్ళెంలోకి ఎత్తుకుంది. "నా పేరు నోటికి వచ్చిన రోజున రండి. మగ్గం మీద మనిషికిచ్చే జీతం సంగతి కూడా ఆ రోజే మాట్లాడుకుందాం. అందాకా అంచులు మీరే కట్టుకోండి" అని చెప్పాను. వాళ్ళు లేచారు.

బల్ల మీద నా కప్పు ఒక్కటే మిగిలింది. కోరిక తీరేదాకా ముట్టకూడదు కదా. "నా పేరు కిఫాయా" అన్నాను, ఎనిమిది మంది మగాళ్ళూ వినేలా, గట్టిగా, నా నోటితో నేనే. తరవాత కప్పు ఎత్తి, ఆ చల్లారిన కాఫీని అడుగు దాకా తాగాను.